ఓటు వేయనిచ్చారు, సభ కూడనివ్వలేదు

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 21వ తేదీన మన ఊళ్లలో, మన సంఘాలలో మాతృభాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. తెలుగు బడి ఉన్నచోట పిల్లలచేత పద్యాలు చదివిస్తున్నాం. బడి మూతపడినచోట దానిని తెరవవలసిందని వినతిపత్రాలు సమర్పిస్తున్నాం. 1952లో ఆ రోజులలో ఢాకా నగరంలో బెంగాలీ భాష కోసం ప్రాణాలర్పించిన సలాం, బర్కత్, రఫీక్, జబ్బార్‌ల పేర్లు మన సభావేదికల మీద ఏటేటా వినిపిస్తూనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ 1999 నవంబరు 17న ఆ దినాన్ని ప్రపంచమంతటికీ మాతృభాషా దినంగా ప్రకటించిన సంగతీ మన పాఠకులకు తెలిసినదే.

అయితే ఆ కథకు రెండవ సగం ఒకటి ఉంది. దానిని మనం అంతగా చెప్పుకోము. మొదటి సగం తూటాలకు ఎదురు నిలిచిన విద్యార్థుల కథ. రెండవ సగం వరుసలో నిలబడి ఓటు వేసిన సామాన్యుల కథ. 1970 డిసెంబరు 7న సైనిక శాసనం అమలులో ఉండగానే పాకిస్తాన్ ప్రజలు తమ జాతీయ శాసనసభను ఎన్నుకున్నారు. ఓట్లు సక్రమంగానే పడ్డాయి, సక్రమంగానే లెక్కించారు, ఫలితాలూ ప్రకటించారు. కాని అలా ఎన్నికైన సభ ఒక్కరోజైనా కూడలేదు. ఏడాది తిరిగేసరికి ఆ దేశం రెండుగా చీలిపోయింది.

నియంత పెట్టే ఎన్నికకు విలువ ఏమిటి? గెలిచినా అధికారం ఇవ్వనివాడు పెట్టిన పోటీలో దిగడం తెలివితక్కువ కాదా? దిగకపోతే మన మాటను లోకానికి వినిపించే దారి ఏది? ఈ ప్రశ్నలు పాతవే అయినా ఇప్పటికీ పనికివచ్చేవే. సంఖ్యాబలం లేని భాషా సముదాయాలకు ఇవి మరింత అవసరమైనవి. అందుకే ఈ నెల ఆ రెండవ సగాన్ని మన పాఠకుల ముందు ఉంచుతున్నాం.

భాషతో మొదలైన లెక్క

1947లో ఏర్పడిన పాకిస్తాన్‌కు రెండు భాగాలు. నడుమ వెయ్యి మైళ్ల భారత భూభాగం. దేశ జనాభాలో సగానికి పైగా తూర్పు భాగంలోనే ఉన్నారు, వారి భాష బెంగాలీ. ఉర్దూను ఇంటిభాషగా మాట్లాడేవారు దేశం మొత్తం మీద నూటికి పదిమంది కూడా లేరు. అయినా రాజధాని, సైన్యం, కొలువులు పశ్చిమాన ఉన్నందున రాజభాష ఉర్దూయే కావాలన్న పట్టుదల బలపడింది. 1948 ఫిబ్రవరిలో కరాచీలోని రాజ్యాంగసభలో ధీరేంద్రనాథ్ దత్తా అనే సభ్యుడు లేచి, సభావ్యవహారాలలో ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు బెంగాలీకి కూడా చోటివ్వాలని సవరణ ప్రతిపాదించారు. అది చాలా చిన్న కోరిక. ప్రధానమంత్రి లియాకత్ అలీఖాన్ దానిని వ్యతిరేకించారు. సవరణ వీగిపోయింది. మరుసటి నెల, మార్చి 21న, ఢాకా రేస్ కోర్స్ మైదానంలో జరిగిన బహిరంగసభలో మహమ్మద్ అలీ జిన్నా రాజభాష ఉర్దూ తప్ప మరొకటి కాబోదని ప్రకటించారు.

ఆ మైదానం పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

1952 కాల్పుల తరువాత జరిగిన తొలి ఎన్నికలోనే ప్రజలు తమ తీర్పు చెప్పారు. 1954 మార్చిలో తూర్పు బెంగాల్ శాసనసభ ఎన్నికలలో ప్రతిపక్షాలు ఐక్య సంఘటనగా ఏర్పడి 21 అంశాల ప్రణాళికతో బరిలోకి దిగాయి. ఫిబ్రవరి 21కి గుర్తుగానే ఆ సంఖ్య. అందులో మొట్టమొదటి అంశం బెంగాలీకి రాజభాష హోదా. పాకిస్తాన్‌ను సాధించిన పక్షంగా పేరుపొందిన ముస్లిం లీగుకు 309 స్థానాల సభలో పదికి మించి దక్కలేదు. కాల్పులనాటి ముఖ్యమంత్రి నూరుల్ అమీన్ ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయారు. ఫజ్లుల్ హక్ నాయకత్వాన కొత్త మంత్రివర్గం ఏర్పడింది. రెండు నెలలు తిరగకుండానే, మే 30న, కేంద్రం దానిని బర్తరఫ్ చేసింది. 1956 రాజ్యాంగంలో బెంగాలీకి ఉర్దూతో సమానంగా రాజభాష హోదా దక్కిన మాట నిజం. కాని భాషకు హోదా ఇచ్చినంత సులువుగా ఆ భాష మాట్లాడేవారికి అధికారంలో వాటా ఇవ్వడానికి పాలకులు సిద్ధపడలేదు.

ఇక్కడ ఒక పోలిక చూడవచ్చు. అదే 1952లో, డిసెంబరు 15న, మద్రాసులో పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష అనంతరం అసువులు బాశారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్రరాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. 1956 నవంబరు 1న భారతదేశం రాష్ట్రాలను భాషల ప్రాతిపదికన పునర్వ్యవస్థీకరించుకుంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1955 అక్టోబరు 14న, పాకిస్తాన్ పంజాబు, సింధు, బలూచిస్తాన్, వాయవ్య సరిహద్దు ప్రాంతాలను ఒకే రాష్ట్రంగా కలిపివేసింది. దానికి 'వన్ యూనిట్' అని పేరు పెట్టారు. తూర్పు బెంగాలీల అధిక సంఖ్యకు విరుగుడుగా పశ్చిమాన్ని ఒక్కటిగా చూపి, ఇరువైపులా సమాన స్థానాలు అనే సూత్రాన్ని తెచ్చారు. బెంగాలీల సగానికి మించిన జనాభా కాగితం మీద సగానికి తగ్గిపోయింది. సింధీ మాట్లాడేవారికి తమ రాష్ట్రమే లేకుండా పోయింది. భారతదేశంలో గీసిన గీతలు అందరికీ న్యాయం చేయలేదని ఆ గీతల అవతల మిగిలిపోయిన మనకంటే బాగా ఎరిగినవారు లేరు. అయినా భాషను గుర్తించి గీత గీయడానికీ, భాషను చెరిపివేయడానికి గీతను తుడిచివేయడానికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో తరువాతి చరిత్ర తేల్చి చెప్పింది.

1958 అక్టోబరులో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. జనరల్ అయూబ్‌ఖాన్ 'మౌలిక ప్రజాస్వామ్యం' అనే అందమైన పేరుతో 80,000 మంది స్థానిక ప్రతినిధులకు మాత్రమే దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు ఇచ్చారు. భారతదేశంలో 1967 నాటికి నాలుగు సార్వత్రిక ఎన్నికలు ముగిశాయి. పాకిస్తాన్‌లో అప్పటికి దేశవ్యాప్తంగా ప్రజలు నేరుగా ఓటు వేసిన ఎన్నిక ఒక్కటీ లేదు.

సైన్యం పెట్టిన ఎన్నిక

1969 మార్చి 25న ప్రజాందోళన ధాటికి అయూబ్‌ఖాన్ గద్దె దిగి, అధికారాన్ని సైన్యాధిపతి యాహ్యాఖాన్‌కు అప్పగించారు. మళ్లీ సైనిక శాసనం విధించారు. అయితే యాహ్యాఖాన్ ఊహించని రెండు నిర్ణయాలు ప్రకటించారు. ఒకటి, వన్ యూనిట్ రద్దు. రెండు, ఒక మనిషికి ఒక ఓటు చొప్పున వయోజన ఓటింగు. సమాన స్థానాల సూత్రం తొలగిపోయింది. 313 స్థానాల జాతీయ శాసనసభలో జనాభాను బట్టి తూర్పు భాగానికి 169, పశ్చిమానికి 144 వచ్చాయి. వీటిలో 13 స్థానాలు మహిళలకు ప్రత్యేకించినవి. 23 ఏళ్లకు బెంగాలీల సంఖ్యకు లెక్కలో చోటు దొరికింది.

కాని 1970 మార్చి 30న వెలువడిన 'లీగల్ ఫ్రేమ్‌వర్క్ ఆర్డర్'ను చదివితే పాలకుడి మనసు తెలుస్తుంది. ఎన్నికైన సభ 120 రోజులలో రాజ్యాంగం రాయాలి. రాయలేకపోతే సభ దానంతట అదే రద్దవుతుంది. రాసినా అధ్యక్షుడు సంతకం చేస్తేనే చెల్లుతుంది. ఆ ఉత్తర్వుకు అర్థం చెప్పే అధికారం అధ్యక్షుడిదే, దానిని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. దానిని సవరించే అధికారం కూడా సభకు లేదు. విస్తరి వేశారు, వడ్డన గరిటె మాత్రం తమ చేతిలోనే ఉంచుకున్నారు. నియంతలు పెట్టే ఎన్నికలలో కనిపించే లక్షణమే ఇది. పోలింగు కేంద్రం దగ్గర ఆంక్షలు కనిపించకపోవచ్చు. ఓటరు చేయి దాటిన తరువాత ఆ ఓటు ఏ గుమ్మం దగ్గర ఆగిపోవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది.

మరి అటువంటప్పుడు ఎన్నిక ఎందుకు పెట్టినట్టు? ఏ పక్షానికీ పూర్తి ఆధిక్యం రాదని, చీలిన సభలో పక్షాలు తమలో తాము కలహించుకుంటుంటే పెద్దరికం సైన్యానిదే అవుతుందని పాలకులు లెక్క వేసుకున్నారని పలువురు చరిత్రకారులు రాశారు. నియంత ఓటును ప్రజల మాట వినడానికి పెట్టడు. తన పాలనకు ప్రజల ఆమోదముద్ర వేయించుకోవడానికి పెడతాడు. ఒక్కొక్కసారి ఆ లెక్క తప్పుతుంది.

ప్రతిపక్షాలలో ఈ ఎన్నికపై ఏకాభిప్రాయం లేదు. వృద్ధనాయకుడు మౌలానా భాషానీ పక్షం ఓటుకంటే ముందు అన్నం కావాలన్న నినాదంతో పోటీ నుంచి తప్పుకుంది. షేక్ ముజిబుర్ రహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ మాత్రం పడవ గుర్తుతో బరిలో దిగింది. 1966లో లాహోరులో తాను ప్రకటించిన ఆరు సూత్రాల స్వయంప్రతిపత్తి ప్రణాళికపై ఈ ఎన్నిక ప్రజాభిప్రాయ సేకరణ అని ముజిబ్ ఊరూరా చెప్పారు. షరతులు తెలియక కాదు ఆయన దిగింది. ఆ ఉత్తర్వులోని సంకెళ్లన్నీ తెలిసే, ప్రజల సంఖ్య ఒక్కసారి కాగితం మీదికి ఎక్కితే దానిని చెరపడం ఎవరి తరమూ కాదన్న నమ్మకంతో దిగారు.

తుపాను తరువాత పోలింగు

ఎన్నిక మొదట అక్టోబరు 5న జరగవలసింది. తూర్పున వరదల వల్ల డిసెంబరు 7కు వాయిదా పడింది. ఈలోగా నవంబరు 12 రాత్రి బంగాళాఖాతం నుంచి విరుచుకుపడిన తుపాను, ఉప్పెన భోలా తదితర తీరద్వీపాలను తుడిచిపెట్టాయి. మృతుల సంఖ్యను మూడు నుంచి ఐదు లక్షలుగా అంచనా వేశారు. బంగాళాఖాతపు ఉప్పెన అంటే ఏమిటో యానాం వారికీ, గంజాం తీరంవారికీ మనం చెప్పనక్కరలేదు. సహాయం ఆలస్యమైంది. వెయ్యి మైళ్ల దూరాన ఉన్న ప్రభుత్వానికి తమ చావు కూడా వార్త కాదన్న భావన తూర్పు ప్రజలలో స్థిరపడిపోయింది. దెబ్బతిన్న తొమ్మిది నియోజకవర్గాలలో పోలింగును 1971 జనవరి 17కు మార్చి, మిగిలినచోట్ల అనుకున్నట్టే జరిపారు.

దేశం మొత్తం మీద దాదాపు 5 కోట్ల 69 లక్షల మంది ఓటర్లు. అందులో 3 కోట్ల 12 లక్షల మంది తూర్పువారు. ప్రధాన ఎన్నికల కమిషనరు జస్టిస్ అబ్దుస్ సత్తార్ స్వయంగా బెంగాలీ. పోలింగులో, లెక్కింపులో పెద్ద అక్రమాలు జరిగాయని ఓడినవారు కూడా గట్టిగా అనలేకపోయారు. ఫలితాలు వచ్చాయి. తూర్పున ప్రజలు నేరుగా ఎన్నుకునే 162 స్థానాలలో అవామీ లీగ్‌కు 160. మహిళా స్థానాలు ఏడూ కలుపుకుంటే 313 మందిలో 167 మంది. దేశమంతటి మీద స్పష్టమైన ఆధిక్యం. పశ్చిమాన జుల్ఫికర్ అలీ భుట్టో నాయకత్వంలోని పీపుల్స్ పార్టీకి 81 సాధారణ స్థానాలు. అవామీ లీగ్‌కు పశ్చిమాన ఒక్క స్థానం రాలేదు. భుట్టో పక్షం తూర్పున అభ్యర్థులనే నిలపలేదు. తూర్పున అవామీ లీగ్‌కు దక్కని ఆ రెండు స్థానాలలో ఒకటి నూరుల్ అమీన్‌ది. రెండవది చిట్టగాంగు కొండలలో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన చక్మా రాజు త్రిదివ్ రాయ్‌ది. ఈ రెండవ పేరు దగ్గరకూ మళ్లీ వస్తాం.

కూడని సభ

1971 జనవరి 3న అవామీ లీగ్ సభ్యులందరూ ఢాకా రేస్ కోర్స్ మైదానంలో ప్రజల ఎదుట ప్రమాణం చేశారు, తమను గెలిపించిన ప్రణాళికకు ద్రోహం చేయబోమని. 23 ఏళ్ల క్రితం బెంగాలీకి చోటులేదని ప్రకటించిన మైదానమే అది. యాహ్యాఖాన్ ముజిబ్‌ను కాబోయే ప్రధానిగా పేర్కొన్నారు. మార్చి 3న ఢాకాలో సభ కూడుతుందని ప్రకటించారు. తమ షరతులు తేలకుండా ఢాకా రాబోమని భుట్టో ఫిబ్రవరిలో తేల్చిచెప్పారు. మార్చి 1న సభను నిరవధికంగా వాయిదా వేశారు.

ఓటు మీద జరిగిన అసలు దాడి ఆ రోజున జరిగింది. అంతవరకు సహనంతో ఉన్న తూర్పు ప్రాంతంలో కార్యాలయాలు, న్యాయస్థానాలు, రైళ్లు స్తంభించాయి. మార్చి 7న అదే మైదానంలో లక్షలమంది ముందు ముజిబ్ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చారు. చర్చల పేరుతో మూడు వారాలు గడిచాయి. మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా విశ్వవిద్యాలయం మీద, నిద్రిస్తున్న నగరం మీద విరుచుకుపడింది. ముజిబ్‌ను బంధించారు. భాషా అమరుల స్మారకమైన షహీద్ మినార్‌ను కూల్చివేశారు. 1948లో బెంగాలీకి చోటడిగిన ధీరేంద్రనాథ్ దత్తాను 84 ఏళ్ల ముదిమిలో కొమిల్లాలోని ఇంటి నుంచి తీసుకుపోయి చంపారు. కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి భారతదేశం చేరారు.

ఆ చీకటిలోనూ నియంత ఎన్నికల నాటకం మానలేదు. ఆగస్టులో అవామీ లీగ్ సభ్యులలో పలువురి స్థానాలను ఖాళీ అయినట్టు ప్రకటించి ఉపఎన్నికలు పెట్టించారు. ప్రజలు అడవులలో, శిబిరాలలో తలదాచుకుంటున్న వేళ చాలా స్థానాలకు పోటీ లేకుండానే 'గెలిచినవారు' తేలారు. 1970 డిసెంబరు ఎన్నికనూ ఈ ఉపఎన్నికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పెట్టినవాడు ఒక్కడే. మొదటిదానిలో ప్రజలు ఉన్నారు. రెండవదానిలో జాబితాలు మాత్రమే ఉన్నాయి. నియంత కిందనైనా ఎన్నికకు ప్రాణం పోసేది ప్రజల రాకయే.

ఆ 167 సంఖ్య ఏమైంది? దానిని తుపాకులు తుడవలేకపోయాయి. 1971 ఏప్రిల్ 10న వెలువడిన బంగ్లాదేశ్ స్వాతంత్ర్య ప్రకటన మొదలయ్యేదే ఆ ఎన్నికల ప్రస్తావనతో. ఫలానా తేదీల నడుమ స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయని, 169 మందిలో 167 మందిని ప్రజలు ఎన్నుకున్నారని, సభను కూడనివ్వలేదు గనుక ఆ ప్రతినిధులే ఈ ప్రకటన చేస్తున్నారని అందులో చెప్పారు. సైన్యం తన చేతులతో లెక్కించి, తన ముద్రతో ప్రకటించిన ఫలితమే ఒక కొత్త దేశానికి జన్మపత్రం అయింది. డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం చేసినది కూడా ఆ రేస్ కోర్స్ మైదానంలోనే. 1970లో ఎన్నికైన సభ్యులే 1972లో రాజ్యాంగసభగా కూర్చుని కొత్త దేశానికి రాజ్యాంగం రాశారు. సభ కూడింది, అయితే అప్పటికి ఎన్నో లక్షల ప్రాణాలు పోయాయి.

ఏరు దాటిన తరువాత

ఇంతటితో కథ ముగిస్తే అది మన చెవులకు ఇంపుగానే ఉంటుంది. కాని మనవంటి అల్పసంఖ్యాక భాషీయులు ఇంకొక అధ్యాయం చదవక తప్పదు.

1972 రాజ్యాంగసభలో చిట్టగాంగు కొండల ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లార్మా అనే చక్మా సభ్యుడున్నారు. ఆయనా 1970 ఎన్నికలలో గెలిచినవాడే. దేశ పౌరులందరూ బెంగాలీలుగా పిలవబడతారన్న నిబంధన వచ్చినప్పుడు, తాను బంగ్లాదేశ్ పౌరుణ్ణే గాని బెంగాలీని కానని అభ్యంతరం తెలిపి ఆయన సభ నుంచి బయటికి నడిచారు. 1948లో ధీరేంద్రనాథ్ దత్తా కరాచీ సభలో ఎదుర్కొన్న గోడనే 1972లో లార్మా ఢాకా సభలో ఎదుర్కొన్నారు. రెండుచోట్లా అడిగినది చిన్న కోరికే, రెండుచోట్లా అడిగినది సంఖ్యాబలం లేనివారే. ఆ కొండలలో సాగిన సాయుధ సంఘర్షణకు 1997 డిసెంబరు 2 నాటి ఒప్పందం వరకు ముగింపు రాలేదు. ఉర్దూ మాట్లాడే బిహారీ ముస్లింలు ఢాకా శిబిరాలలో దశాబ్దాలపాటు ఏ దేశానికీ చెందనివారుగా బతికారు. 2003, 2008 సంవత్సరాలలో హైకోర్టు తీర్పులు వచ్చేదాకా వారికి ఓటుహక్కు అందలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే. తమ భాషకు గౌరవం కోసం నెత్తురు ధారపోసిన జాతి కూడా తన నీడన ఉన్న చిన్న భాషలను మరచిపోగలదు.

ఓటు విషయంలోనూ అంతే. 1975 జనవరిలో రాజ్యాంగాన్ని సవరించి ఏకపక్ష పాలనను తెచ్చినది ముజిబ్ ప్రభుత్వమే. 2014 జనవరి ఎన్నికలలో బంగ్లాదేశ్ పార్లమెంటులోని 300 స్థానాలలో 153కు పోటీయే జరగలేదు. 2024 ఆగస్టులో విద్యార్థుల ఉద్యమం ముందు నాటి ప్రభుత్వం కూలిపోయింది. ఓటును గెలుచుకున్నవారు దానిని కాపాడతారన్న హామీ ఎక్కడా లేదు. ప్రతి తరమూ తన వంతు కాపలా తాను కాయవలసిందే.

పాకిస్తాన్‌లో మిగిలిన భాగమూ ఈ పాఠానికి దూరం కాలేదు. 1972 జూలైలో సింధు శాసనసభ సింధీ భాషకు హోదానిస్తూ బిల్లు ఆమోదించినప్పుడు ఉర్దూ మాట్లాడేవారు అధికంగా ఉన్న నగరాలలో అల్లర్లు చెలరేగాయి. ఇరుపక్షాలకూ సర్దుబాటు చేస్తూ ఉత్తర్వు తేవలసివచ్చింది. పాతికేళ్లు అణచిపెట్టిన ప్రశ్న ఏదో ఒక రూపంలో గుమ్మం ముందుకు వచ్చి నిలబడుతుందనడానికి అదొక నిదర్శనం.

మనం తీసుకోవలసినది

ఈ చరిత్రను చదివి ఎవరైనా మనం వేర్పాటును బోధిస్తున్నామనుకుంటే అది పొరపాటు. హోసూరులో, బళ్లారిలో, పర్లాకిమిడిలో, సిరొంచలో, యానాంలో తరతరాలుగా ఉంటున్న మనం ఆ నేలకు చెందినవారమే. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మన పిల్లలు నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు కూడా. మన ప్రశ్న వేరు. 160 స్థానాలు గెలవగల జనానికి ఓటు ఏమిచేసిందో చూశాం. ఏ రాష్ట్రంలోనూ సంఖ్యాధిక్యం లేని మనకు ఓటు ఏమిస్తుంది?

మొదటి సమాధానం ధీరేంద్రనాథ్ దత్తా నుంచి వస్తుంది. ఆయన సవరణ ఓడిపోయింది. కాని ఆ ఓటమి సభా కార్యక్రమాలలో నమోదయింది. ఓడిన కోరిక నమోదయితే తరువాతి తరానికి అది ఆధారమవుతుంది. నమోదుకాని కోరిక గాలికి పోతుంది. మన ఊరి బడిలో తెలుగు ఉపాధ్యాయుడి ఖాళీ గురించి పంచాయతీ తీర్మానం చేయించడం, శాసనసభలో ఒక ప్రశ్న వేయించడం, జనగణనకు వచ్చినవారు మాతృభాష అడిగినప్పుడు సిగ్గుపడకుండా తెలుగు అని రాయించడం – ఇవన్నీ ఆ కోవలోనివే. మనల్ని మనమే లెక్కలో రాయించుకోకపోతే ఇతరులు తక్కువగా లెక్కించారని నిందించే హక్కు మనకు ఉండదు.

రెండవ సమాధానం పోటీ నుంచి తప్పుకున్నవారి నుంచి, తప్పుకోనివారి నుంచి వస్తుంది. షరతులు మనకు నచ్చవని ఇంట కూర్చున్నవారి పేరు ఆ చరిత్రలో పక్కకు జరిగిపోయింది. సైనిక శాసనం కింద, ఉప్పెన తరువాత, బురదలో నడిచివెళ్లి ఓటు వేసినవారి సంఖ్య నిలిచిపోయింది. మనకు అటువంటి శాసనం లేదు. 1956 రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని ప్రతి రాష్ట్రానికీ నిర్దేశిస్తోంది. 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారి ఉండాలంటోంది. న్యాయస్థానాల తలుపులు తెరిచే ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా ఓటరు జాబితాలో పేరు ఉన్నదో లేదో చూసుకోని ఇళ్లు మన వీధులలో ఎన్ని? ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని బడి సంగతి అడిగిన ఇళ్లు ఎన్ని? కుల సంఘాల పేర, బంధుత్వాల పేర ఓటు వేసి, భాష మాట వచ్చేసరికి వినతిపత్రంతో సరిపెట్టుకోవడం ఇకనైనా మానాలి.

మూడవ సమాధానం లార్మా నుంచి వస్తుంది. సంఖ్యాధిక్యం ఎంతటి న్యాయమైన పోరాటం ద్వారా వచ్చినదైనా, దాని నడవడికకు పరీక్ష తనకంటే చిన్నవారి పట్ల అది చూపే తీరులోనే ఉంది. కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో మనం ఆ పరీక్షను కోరుతున్నాం. కోరేవారిగా మనకూ ఒక బాధ్యత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఉన్న కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, ఉర్దూ బడుల పట్ల, గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లల పట్ల అక్కడి తెలుగు ప్రభుత్వాలు ఎలా నడుచుకుంటున్నాయో మనం అడగాలి. అక్కడ మూతపడిన ప్రతి చిన్నభాష బడీ ఇక్కడ మన వాదాన్ని బలహీనపరుస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నది పెద్దల మాట.

వచ్చే ఫిబ్రవరి 21న మన సభలలో అమరుల పేర్లు చెప్పుకున్న తరువాత, డిసెంబరు 7న వరుసలలో నిలబడిన ఆ పేరులేని ఓటర్లను కూడా ఒక్క నిమిషం తలచుకుందాం. ఆ సాయంత్రం ఇళ్లకు వెళ్లి మన ఓటరు జాబితాలు ముందు వేసుకుని, పేరు గల్లంతైన పొరుగింటివారిని వెంటబెట్టుకుని మరునాడు తహశీల్దారు కార్యాలయానికి వెళదాం. ఆ అమరులకు మనం చేయగల నివాళులలో అంతకంటే గొప్పది లేదు.